ఈ గొలుసు ఎవరి మెడకి?

శాలిబండలో మా సందులో చాలా ఇళ్ళలో మగ్గం పని ఉంది. నేనూ కొన్నేళ్ళు జరీ, పూసలు కుట్టాను. ఒకసారి రేటు పెంచమని అడిగాను. బట్ట తెచ్చే ఆయన కోప్పడలేదు, బేరమూ ఆడలేదు. మర్నాటి నుంచి బట్ట వెనక సందుకి వెళ్ళింది. అక్కడ కుట్టే ఆమె నాకు తెలుసు. ఆమెనేమనగలను?

గ్రీన్ హైడ్రోజన్‌ని 'ఒకే దేశం మీద ఆధారపడకుండా అనేక దేశాల నుంచి' తెప్పించుకోవాలని పెద్దలంటుంటే నాకా వెనక సందే గుర్తొస్తుంది. ఎండతో, గాలితో తీసిన కరెంటుతో నీటిని విడగొడితే వచ్చే ఇంధనమిది. 2021లో జర్మనీ సగానికి పైగా గ్యాసు రష్యా దగ్గరే కొనేది. యుద్ధంతో దెబ్బతిన్నాక, 2030 నాటికి ఏటా కోటి టన్నుల హైడ్రోజన్ బయటి నుంచి తెచ్చుకోవాలని 2022లో యూరప్ కూటమి లక్ష్యం పెట్టుకుంది. వాళ్ళ జాగ్రత్త వాళ్ళది. కానీ ఇక్కడ మనం అమ్మేవైపున్నాం. ఒమన్, నమీబియా, చిలీ మన వెనక సందులు.

2025 జనవరి 8న ప్రధాని అనకాపల్లి జిల్లా పుడిమడక హబ్‌కి శంకుస్థాపన చేశారు. 1,85,000 కోట్ల పెట్టుబడి, రోజుకి 1,500 టన్నుల హైడ్రోజన్. ప్రధానంగా ఎగుమతి కోసమేనని ప్రభుత్వమే చెప్పింది. కిలోకి తక్కువలో తక్కువ తొమ్మిది లీటర్ల శుద్ధమైన నీరు కావాలి. అంటే రోజూ కోటీ ముప్ఫై అయిదు లక్షల లీటర్లు! సముద్రపు నీటినే శుద్ధి చేస్తామంటే, మిగిలే చిక్కటి ఉప్పునీరు ఎక్కడ పోస్తారు? పుడిమడక మత్స్యకారుల ఊరు. మగవాళ్ళు వేటకెళ్తే, చేపలు అమ్మి ఇల్లు నడిపేది ఆడవాళ్ళు. యూరప్ 2023 నిబంధనలు కరెంటు ఏ కొత్త ప్లాంటులో పుట్టిందో అడుగుతాయి. 2030 నుంచి గంటగంటకీ లెక్క చూపమంటాయి. చేపల గంప దించేసిన ఆమె లెక్క అడగవు.

కాలుష్యం తగ్గొద్దా అంటారు. తగ్గాలి. మన ఎరువుల కర్మాగారాలు ఇవాళ్టికీ గ్యాసు నుంచే హైడ్రోజన్ తీస్తున్నాయి, ఆ గ్యాసులో చాలా భాగం దిగుమతే. 19,744 కోట్ల జాతీయ మిషన్‌ను 2023లో ఆమోదించారు కదా, ముందు ఆ డబ్బుతో అక్కడ మార్చండి. మిగిలితే అమ్ముకోవచ్చు.

అమ్మేటప్పుడు మాత్రం ఇంతకు తగ్గమని అమ్మే దేశాలు ఒక్క మాట మీద ఉండాలి. నీళ్ళు, భూమి ఎంత చవగ్గా ఇస్తామో పోటీపడి చెప్పుకోవడమేమిటి? మా రెండు సందుల ఆడవాళ్ళం ఒకే రేటు చెప్పడానికి ఏడాది పట్టింది. మధ్యలో ఇద్దరు పని మానేశారు కూడా. ఢిల్లీ వాళ్ళు ఒమన్‌తో, నమీబియాతో ఆ మాట మొదలుపెట్టారా? ఒప్పందాల మీద సంతకాలకి ముందు పుడిమడక ఆడవాళ్ళని కూర్చోబెట్టి, ఆ కాగితాలు తెలుగులో చదివి వినిపించారా?