కరెంటుకూ ఒక కుంట కావాలి



"రాత్రి కరెంటు పోయింది మేడం." హోంవర్క్ ఎందుకు చేయలేదని అడిగితే పిల్లలు చెప్పే కారణాల్లో ఇదొకటి. కొన్నిసార్లు సాకే కావచ్చు. కానీ అది నిజమైన రాత్రులు కూడా ముదిగుబ్బలో మనందరికీ తెలుసు.

మనకు ఎండకు కొదవ లేదు. కదిరి అవతల ఎన్‌పీ కుంటలో ఎన్‌టీపీసీ 2016లోనే 250 మెగావాట్ల సోలార్ ప్లాంటు పూర్తిచేసింది. అయితే సోలార్ కరెంటు మధ్యాహ్నం ఎక్కువగా వస్తుంది. మన ఇళ్లలో వాడకం పెరిగేది పొద్దు మునిగాక. పైగా ఎంత కరెంటు తయారైనా, మధ్యలో లైనో సబ్‌స్టేషనో దెబ్బతింటే మన వీధికి చీకటే.

నీళ్ల విషయంలో మన పెద్దలకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. పడిన వానను పడిన చోటే ఆపాలని ఊరికో చెరువు, చేనుకో కుంట తవ్వారు. కరెంటుకూ అదే కావాలి. పగటి కరెంటును దాచి సాయంత్రం ఇచ్చే బ్యాటరీలు ఊరి సబ్‌స్టేషన్ దగ్గరే ఉండాలి. ఢిల్లీలోని రోహిణిలో 2019లోనే 10 మెగావాట్ల బ్యాటరీ పెట్టారు.

"మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా" అంటారేమో. మంచిదే. 150 ఏహెచ్ బ్యాటరీలో పట్టేది సుమారు 1.8 యూనిట్లు. రెండు ఫ్యాన్లు, రెండు లైట్లు కొన్ని గంటలు నడుస్తాయి. కానీ అది నిండాల్సింది మళ్లీ అదే లైను నుంచి. కరెంటు రాగానే అన్ని ఇన్వర్టర్లూ ఒకేసారి చార్జింగ్‌కు దిగితే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఇంకా భారం. ఇన్వర్టర్ లేని ఇంటి బిడ్డ కూడా రాసేది అదే పరీక్ష కదా!

ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్ల సోలార్‌కు 78,000 రూపాయల రాయితీ ఉంది. పెట్టించుకునే ముందు ఒక్కటి అడగండి: "కరెంటు పోతే ఇది పనిచేస్తుందా?" బ్యాటరీ లేని మామూలు సోలార్ అప్పుడు ఆగిపోతుంది. స్తంభమెక్కిన లైన్‌మెన్‌కు షాక్ కొట్టకూడదని దాన్ని అలా తయారుచేస్తారు.

ఇక నా సొంత అభిప్రాయం ఒకటి. ఈ పని మన స్కూలు మిద్దె మీదే మొదలుకావాలి. వేసవిలో ఎండ దండిగా ఉన్నప్పుడు మన క్లాసురూములు ఖాళీ. ఆ కరెంటు దాచగలిగితే సాయంత్రం చుట్టుపక్కల వీధులకు పనికొస్తుంది. ఖర్చు తక్కువేమీ కాదు. అందుకే మీ మాట కావాలి. వచ్చే పేరెంట్స్ మీటింగ్‌లో పిల్లల మార్కులతో పాటు దీని గురించి కూడా అడగండి.