స్పానిష్‌కి లేని తికమక తెలుగుకేనా?

ఇక్కడ కాలిఫోర్నియాలో మన తెలుగమ్మలు ఇద్దరు కలిస్తే ఈమధ్య ఒకటే మాట: "మీ పాపకి స్పానిష్ ఇమ్మర్షన్‌లో సీటొచ్చిందా?" లాటరీలో పేరొస్తే స్వీట్లు పంచినంత సంబరం. రెండు భాషలొస్తే బుర్ర పదునెక్కుతుందట. సరే, బాగుంది. మరి ఇంట్లో తెలుగులో మాట్లాడరేం అంటే, "అయ్యో, తికమక పడుతుందండీ" అంటారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

90/10 పద్ధతి బళ్ళో కిండర్‌గార్టెన్ పిల్లకి 90 శాతం చదువు స్పానిష్‌లోనే. లెక్కలూ అందులోనే. ఏటేటా ఇంగ్లీషు పెంచుకుంటూ పోయి నాలుగైదు తరగతులకి సగం సగం చేస్తారు. ఇంట్లో ఒక్కరికీ రాని భాషలో కూడికలు చేసే పిల్ల, అమ్మ "అన్నం తిందువుగాని రావే" అంటే తికమక పడిపోతుందా!

అసలు ఈ చదువు ఎలా మొదలైందో తెలుసా? 1963లో మయామీలోని కోరల్ వే బళ్ళో, క్యూబా నుంచి వచ్చిన పిల్లలు ఇంగ్లీషు నేర్చుకుంటూనే సొంత భాష నిలుపుకోవాలని, ఇంగ్లీషు పిల్లలకి స్పానిష్ రావాలని ఇద్దరినీ కలిపి చదివించారు. ఇదే కాలిఫోర్నియాలో 1998లో ఓట్లేసి మరీ బళ్ళో ఇంగ్లీషే ముఖ్యమన్నారు. 2016లో మళ్ళీ ఓట్లేసి ఆ కట్టు తీసేశారు. ఒకరి ఇంటిభాష కోసం ఇంత జరిగింది. మన ఇంటిభాషకి ఓట్లక్కర్లేదు, లాటరీ అక్కర్లేదు. అయినా బరువే!

పిల్లని ఇమ్మర్షన్‌కి పంపండి, నేనొద్దనను. ఇంటికొచ్చాక మాత్రం తెలుగులో పలకరించండి. తికమక కబుర్లు ఇక నా దగ్గర చెప్పకండి.