పన్ను పీకించుకునే ముందు... గుండె సంగతి చెప్పండి!

పన్నుకీ గుండెకీ సంబంధం ఏమిటనుకుంటాం. కానీ మేళ్లచెరువు లాంటి ఊళ్ల నుంచి హైదరాబాద్ వెళ్లి గుండె కవాటం మార్పించుకుని వచ్చినవారికి ఆ సంబంధం తెలిసి తీరాలి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పుణ్యమా అని ఈ ఆపరేషన్ పేదింటికీ అందింది. ఆ కొత్త కవాటాన్ని కాపాడుకోవడం మాత్రం జీవితాంతం మన పనే.

నోట్లో ఎప్పుడూ బ్యాక్టీరియా ఉంటుంది. పన్ను పీకినప్పుడు, చిగుళ్లు శుభ్రం చేసినప్పుడు అందులో కొంత రక్తంలోకి చేరుతుంది. మామూలు వారిలో శరీరమే దాన్ని కాసేపట్లో తుడిచిపెట్టేస్తుంది. కృత్రిమ కవాటం మీదైతే అతుక్కుని, గూడు కట్టి పెరిగే ప్రమాదముంది. ఇదే ఎండోకార్డైటిస్. కవాటం పాడవుతుంది. అక్కడ ఊడిన ముక్క మెదడుకు చేరితే పక్షవాతం రావచ్చు.

దీనికి ముందుజాగ్రత్త ఒక్క మోతాదు మందే. పెద్దలకు సాధారణంగా 2 గ్రాముల అమాక్సిసిలిన్, చికిత్సకు అరగంట నుంచి గంట ముందు ఇస్తారు. పిల్లలకు బరువును బట్టి మోతాదు ఉంటుంది. పెన్సిలిన్ పడనివారికి వేరే మందు రాస్తారు.

గుండెజబ్బు ఉన్న అందరికీ ఇది అక్కర్లేదు. ఒకప్పుడు చాలామందికి ఇచ్చేవారు. పళ్లు తోముకున్నా, నమిలినా కూడా బ్యాక్టీరియా రక్తంలోకి వెళుతూనే ఉంటుందని తేలాక, 2007లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఆ జాబితాను కుదించింది. 2021లోనూ అదే మాట చెప్పింది. కృత్రిమ కవాటం ఉన్నవారు, ఇంతకుముందు ఈ ఇన్‌ఫెక్షన్ వచ్చినవారు, పుట్టుకతో వచ్చే కొన్ని తీవ్రమైన గుండె లోపాలున్నవారే ముఖ్యం. మీరు అందులో ఉన్నారో లేదో గుండె డాక్టర్‌నే అడగండి. రోజూ పళ్లు శుభ్రంగా ఉంచుకోవడం మాత్రం అందరికీ మందే.

గుర్తుంచుకోండి

* కీళ్లవాతపు జ్వరం మళ్లీ రాకుండా మూడు నాలుగు వారాలకోసారి చేయించుకునే పెన్సిలిన్ ఇంజెక్షన్ వేరు, ఇది వేరు. అది ఉంది కదా అని దీన్ని మానొద్దు. ఆ ఇంజెక్షన్ సంగతి దంత వైద్యుడికి చెబితే తగిన మందు ఎంచుకుంటారు.
* రక్తం పలచబడే మాత్రలు సొంతంగా ఆపేయొద్దు.
* కవాటం మార్చినవారికి జ్వరం తగ్గకపోతే ఊళ్లో యాంటీబయోటిక్ సూది వేయించుకుని ఊరుకోవద్దు. ముందు రక్తం కల్చర్ పరీక్ష జరగాలి. సూది పడ్డాక క్రిమి దొరక్కపోవచ్చు, అసలు జబ్బు దాక్కుంటుంది.
* ఆపరేషన్ కాగితాలు బీరువాలో దాచకండి. పంటి డాక్టర్ దగ్గరకు వెళ్లినా అవి చేతిలో ఉండాలి.