ముందు గల్లీ కొలవండి!

చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవాళ్లు అక్కడున్న పసుపురంగు రోల్స్‌రాయిస్‌ను చూసే ఉంటారు. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. నిజాంల కోసం ఇంగ్లండు నుంచి వచ్చిన కారు. దాన్ని ఎక్కడ నిలపాలి, ఏ సందులోంచి తిప్పాలి అన్న బెంగ ఆ ఇంట్లో ఎవరికీ ఉండి ఉండదు!

ప్యాలెస్ గోడ దాటి నాలుగడుగులు వేస్తే మాత్రం కథ వేరు. షాలిబండ, మొఘల్‌పురా, గౌలిపురా, లాల్‌దర్వాజా... ఏ గల్లీ చూసినా ఇంటి ముందు స్కూటరు, దాని పక్కన ఇంకో స్కూటరు. ఆ ఇళ్లల్లోనూ ఇప్పుడు కారు మాట వినిపిస్తోంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఆటో ఎక్కలేకపోతోంది. పిల్లలు ఎదిగారు, నలుగురూ ఒక్క బండి మీద పట్టరు. ఇంతలో చిట్టీ డబ్బు చేతికొచ్చింది. ఇంకేం... ఆదివారం పూట ఇంటిల్లిపాదీ షోరూముకు ప్రయాణం! ఒక్క నిమిషం ఆగండి. మొదటి కారు ఎంపిక షోరూములో కాదు, మీ ఇంటి గడప దగ్గర మొదలవ్వాలి.

టేపు తీసుకోండి

రాత్రి 9 గంటలకు, అందరి బండ్లూ ఇళ్లకు చేరాక గల్లీలోకి రండి. బండ్లు పోను మిగిలిన దారి ఎంతో కొలవండి. మలుపు దగ్గర, కరెంటు స్తంభం దగ్గర, బయటికి పొడుచుకొచ్చిన అరుగు దగ్గర మరోసారి కొలవండి. ఇప్పుడు కారు కొలతలు చూడండి. ఆల్టో కె10 వెడల్పు 1,490 మిల్లీమీటర్లు, అంటే సుమారు 4 అడుగుల 11 అంగుళాలు. వ్యాగన్ ఆర్ 5 అడుగుల 4 అంగుళాలు. స్విఫ్ట్ 5 అడుగుల 8 అంగుళాలు. ఇవన్నీ పక్క అద్దాలు కలపని లెక్కలు. అద్దాలకు మరో అడుగు, తలుపు తీసుకుని దిగడానికి ఒకవైపైనా రెండడుగులు వేసుకోండి. ఆల్టో, స్విఫ్ట్‌ల మధ్య తేడా పట్టున 9 అంగుళాలే. కానీ లాల్‌దర్వాజా సందులో ఆ 9 అంగుళాలే కారు ఇంటికి చేరుతుందా, మెయిన్‌రోడ్డు మీదే ఆగిపోతుందా అన్నది తేలుస్తాయి.

ఇంటి ముందు చోటు లేకపోతే? రోజూ ఎక్కడ పెడతారో కొనకముందే ఖాయం చేసుకోండి. తెలిసినవారి ఖాళీ స్థలమైతే నెలకు ఎంత, రాత్రి గేటు వేస్తారా, బోనాలకో పెళ్లికో షామియానా వేస్తే తీయాలా... అన్నీ ముందే మాట్లాడుకోవాలి. 'ఎదురింటాయన ఏమనుకోడులే' అన్న ధీమాతో కారు తెచ్చుకుంటే ఏళ్లనాటి స్నేహం కాస్తా రోజువారీ పంచాయితీ అవుతుంది.

ధర వేరు... ఖర్చు వేరు

షోరూములో చెప్పే ధర ఒకటి, కారు రోడ్డెక్కే ధర ఒకటి. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గిన మాట నిజమే. పెట్రోలు కారైతే పొడవు 4 మీటర్లు, ఇంజిను 1200 సీసీ దాటనివన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. అయితే దానిపైన లైఫ్ ట్యాక్సు ఉంది. 2022లో తెలంగాణ పెంచిన రేట్ల ప్రకారం 5 నుంచి 10 లక్షల మధ్య కారుకు 14 శాతం. అంటే 5.5 లక్షల కారుకు 77 వేలు! ఆపైన బీమా, రిజిస్ట్రేషన్. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు థర్డ్‌పార్టీ బీమా మూడేళ్లకు ఒకేసారి కట్టాలి. అందుకే బేరమాడేది షోరూము ధర మీద కాదు, 'ఆన్‌రోడ్' ధర మీద. ఆ కాగితాన్ని వరుసవారీగా రాయించుకోండి. బీమా షోరూములోనే తీసుకోవాలన్న నిబంధన లేదు, బయట కూడా అడిగి చూడండి.

అప్పు విషయానికొస్తే, 'వాయిదా తక్కువ' అన్న మాటకు పడిపోవద్దు. 4 లక్షలు 10 శాతం వడ్డీకి తీసుకున్నారనుకోండి. అయిదేళ్లకైతే వాయిదా సుమారు 8,500. ఏడేళ్లకైతే 6,640. నెలకు 1,860 మిగిలినట్టే ఉంటుంది. తీరా మొత్తం లెక్కేస్తే వడ్డీ 48 వేలు ఎక్కువ! దీనికి పెట్రోలు కలపండి. నెలకు 600 కిలోమీటర్లు తిరిగే కారు, ఊళ్లో ట్రాఫిక్‌లో లీటరుకు 15 ఇస్తే 40 లీటర్లు తాగుతుంది. వాయిదా, పెట్రోలు, సర్వీసు, పార్కింగు... ఈ మొత్తాన్ని మూడు నెలలు విడిగా దాచి చూడండి. ఇల్లు ఇబ్బంది లేకుండా గడిస్తే అప్పుడు కొనండి. దాచిన డబ్బు ఎటూ డౌన్‌పేమెంటుకు పనికొస్తుంది.

ఎలక్ట్రిక్ కార్లకు తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ప్రకటించారు. మంచిదే. కానీ ఇల్లు మూడో అంతస్తులో, కారు రెండు గల్లీల అవతల ఉంటే ఛార్జింగు ఎలా? ముందు దానికి జవాబు వెతుక్కోవాలి.

పాతదైతే... నీళ్ల మరక చూడండి

కొత్తగా నడపడం నేర్చుకున్న చేతికి, ఇరుకు సందుకు సెకండ్‌హ్యాండ్ చిన్నకారు మేలు. మొదటి గీత పడినప్పుడు గుండె అంతగా ఆగదు! అయితే ఈ ఊళ్లో ఇంజిను కంటే ముందు చూడాల్సింది నీళ్ల మరక. 2020 అక్టోబరు వరదల్లో హఫీజ్‌బాబానగర్, అల్‌జుబైల్ కాలనీల్లో కార్లు నీళ్లలో తేలాయి. అలా మునిగిన కారుకు సీటు కవర్లు మార్చి, పాలిష్ కొట్టించి అమ్మడం పెద్ద పనేమీ కాదు. పట్టుకునే ఉపాయాలున్నాయి. సీటుబెల్టును చివరిదాకా లాగండి. లోపల దాగే భాగంలో మట్టి చార ఉందేమో చూడండి. సీటు కింద పట్టాల మీద తుప్పు, స్టెప్నీ గుంతలో ఒండ్రు, అద్దాలు మూసినప్పుడు ముక్క వాసన... వీటిలో ఏ రెండు కనిపించినా 'మళ్లీ వస్తాం' అని చెప్పి వచ్చేయండి.

ఇంజిను చల్లగా ఉన్నప్పుడు, పొద్దున్నే వెళ్లి స్టార్టు చేయించండి. నీలిరంగు పొగ వస్తే ఆయిలు కాలుతున్నట్టు. టైరు పక్కన నాలుగంకెలుంటాయి. '2319' అంటే 2019లో 23వ వారం తయారైందని. మీటరు 25 వేల కిలోమీటర్లే చూపిస్తూ, క్లచ్ పెడలు, స్టీరింగు అరిగి నున్నగా మెరుస్తుంటే సర్వీసు రికార్డు అడగాల్సిందే. అమ్మేవాళ్ల మెకానిక్ కాదు, మీ మెకానిక్ చూడాలి. ఆయనకిచ్చే కూలి దండగ కాదు.

ఢిల్లీ కారు చవగ్గా వస్తోందంటే మురిసిపోవద్దు. అక్కడ పదేళ్లు దాటిన డీజిలు, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్ల మీద ఆంక్షలు పెట్టడంతో పాతవి బయటి ఊళ్లకు అమ్మకానికి వస్తుంటాయి. వేరే రాష్ట్రం బండిని ఇక్కడ 12 నెలలకు మించి ఉంచుకుంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి. అక్కడి ఎన్‌వోసీ కావాలి, ఇక్కడి లైఫ్ ట్యాక్సు కట్టాలి. ఇవన్నీ కలిపాక అది చవకో కాదో చూసుకోండి.

కారు ఎవరిది?

డబ్బిచ్చినవాళ్లదా? తాళంచెవి ఉన్నవాళ్లదా? కాదు... ఆర్సీలో పేరున్నవాళ్లది! 2009లో ఓ కారు ప్రమాదం చేసింది. అప్పటికే దాన్ని అమ్మేశారు, ఆపైనా చేతులు మారింది. ఆర్సీ మాత్రం మొదటి యజమాని పేరు మీదే ఉండిపోయింది. కారుకు బీమా లేదు. పరిహారం కట్టాల్సింది ఆయనేనని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఎప్పుడో అమ్మేసిన బండి ఆయన మెడకు చుట్టుకుంది.

ఇది అమ్మేవాళ్ల గోలలే అనుకోకండి. కారు కొంటున్న సంబరంలో మీ పాత స్కూటరును తెలిసినవాళ్లకు ఇచ్చేస్తున్నారు కదా... దాని ఆర్సీ మారిందా? అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలపాలని చట్టం. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు కావాలి. కారు మీద అప్పుంటే బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35 కూడా కావాలి. ఎంపరివాహన్‌లో నంబరు కొడితే ఎన్నో చెయ్యి, బీమా ఎప్పటివరకు అన్నవి కనిపిస్తాయి. ఈ-చలాన్లు ఎన్ని పెండింగులో ఉన్నాయో చూసి, అవి కట్టాకే డబ్బివ్వండి. ఛాసిస్ నంబరును ఆర్సీతో మీ కళ్లతోనే పోల్చుకోండి.

బీమాను కూడా 14 రోజుల్లోగా మీ పేరుకు మార్పించుకోండి. లేదంటే కారుకు జరిగిన నష్టానికి మీకు పైసా రాకపోవచ్చు. అన్నట్టు, మీ దగ్గరున్నది బైకు లైసెన్సేనా? ఎల్ఎల్ఆర్ తీసుకున్నాక నెల ఆగితేగానీ డ్రైవింగు పరీక్ష ఉండదు. అందుకే కారు కంటే ముందు లైసెన్సు పని మొదలుపెట్టండి.

అన్నీ కుదిరాయి, కారు నచ్చింది. బయానా ఇవ్వడానికి చెయ్యి జేబులోకి పోతుంది. ఇంకొక్క పని చేయండి. 'ఒకసారి మా ఇంటిదాకా తీసుకురండి' అని అడగండి. కారు మీ మలుపు తిరగాలి. మీ గుమ్మం ముందు ఆగాలి. అమ్మ ఎవరి సాయమూ లేకుండా ఎక్కి కూర్చోవాలి. ఆ తర్వాతే బయానా!