డీజే రాత్రులు: కిటికీలు అదురుతున్నా మీటరుకు దొరకని మోత

శని, ఆదివారాలు వచ్చాయంటే బెంగళూరు ఇందిరానగర్, కోరమంగల, చర్చి స్ట్రీట్ పబ్బుల్లో డీజేల సందడి. ఒకచోట టెక్నో, ఒకచోట ఆఫ్రికా డాన్స్ సంగీతం, ఇంకోచోట రెగె. 2024లో రాష్ట్ర ప్రభుత్వం నగరంలోని బార్లు, క్లబ్బులను వారమంతా రాత్రి ఒంటిగంట దాకా తెరిచి ఉంచవచ్చని చెప్పింది. వెనకవీధి ఇళ్లలో వాళ్ల నిద్ర సంగతి మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది.

ఈ తగాదాలో మనవాళ్లు రెండు వైపులా ఉన్నారు. తరాల కిందట ఇక్కడ స్థిరపడి, సొంత ఇల్లు కట్టుకుని, ఇప్పుడు పబ్బు పక్కన నిద్రపట్టక దొర్లే పెద్దలు ఉన్నారు. అదే పబ్బులో వంటింట్లోనో, సౌండ్ మిక్సర్ దగ్గరో పనిచేసి ఇంటికి జీతం తెచ్చే కుర్రాళ్లూ ఉన్నారు. కనుక మూసేయమనడమో, వదిలేయమనడమో మనకు జవాబు కాదు.

ముందు ఆ సంగీతం సంగతి. రెగె పుట్టింది జమైకాలో, 1960లలో. అంతకు ముందు నుంచే కింగ్‌స్టన్ పేదవాడల్లో పెద్దపెద్ద స్పీకర్లు వీధిలో పెట్టి రికార్డులు వేసేవారు. దాన్నే సౌండ్ సిస్టమ్ అన్నారు. అణగారినవాళ్ల మొర, భక్తి, నవ్వు అన్నీ ఆ పాటల్లో ఉన్నాయి. 2018లో యునెస్కో జమైకా రెగెను మానవాళి వారసత్వంగా గుర్తించింది. మన దేశంలోనూ దీనికి అభిమానులు ఉన్నారు, గోవాలో సన్‌స్ప్లాష్ పేరుతో రెగె ఉత్సవం జరిగింది. దీన్ని తాగుబోతుల గోల అని తీసిపారేస్తే మనమే చిన్నబోతాం. అయితే ఈ సంగీతానికి ప్రాణం బేస్, అంటే గుండెల్లో దడదడలాడే లోతైన శబ్దం. చిక్కు కూడా అక్కడే ఉంది.

మన చట్టం ఈ చిక్కును ఎలా చూస్తోంది? బెంగళూరులో 2005 నాటి ఒక ఉత్తర్వు ప్రకారం లైవ్ బ్యాండ్, క్యాబరే, డిస్కోథెక్ నడపాలంటే పోలీసు లైసెన్సు ఉండాలి. దాన్ని 2018 జనవరిలో సుప్రీంకోర్టు సమర్థించింది. లైసెన్సుకు భవనం ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, అగ్నిమాపక శాఖ అనుమతి వంటి కాగితాలు కావాలి. అవి లేని పబ్బులు చాలానే ఉండడంతో ఆ ఏడాది ఎన్నోచోట్ల సంగీతం ఆగిపోయింది. యజమానికి తిండి, మద్యం అమ్మకం ఎలాగూ ఉంది. రాత్రికింత అని తీసుకునే గాయకులు, డీజేలు పని పోగొట్టుకున్నారు.

శబ్దానికి వేరే నిబంధనలున్నాయి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు నివాస ప్రాంతంలో 45, వ్యాపార ప్రాంతంలో 55 డెసిబెళ్లు దాటకూడదు. వినడానికి బాగానే ఉంది. కానీ ఈ కొలతను ‘ఎ’ పద్ధతిలో తీస్తారు. మన చెవి సన్నని శబ్దాన్ని పట్టినంతగా లోతైన శబ్దాన్ని పట్టదు కాబట్టి మీటరు కూడా లోతైన శబ్దాన్ని తగ్గించి లెక్కిస్తుంది. 63 హెర్ట్జ్ దగ్గర ఆ తగ్గింపు దాదాపు 26 డెసిబెళ్లు. అంటే ఆ స్థాయి బేస్ ఒక్కటే మన పడకగదిలో నిజానికి 70 ఉంటే, మీటరు 44 అని చూపిస్తుంది. చట్టం ప్రకారం అంతా సవ్యమే!

పైగా గోడ పాటను ఆపుతుంది, బేస్‌ను ఆపలేదు. అందుకే పదాలు వినిపించకపోయినా మంచం, కిటికీ అద్దం అదురుతాయి. ఫిర్యాదుదారు అబద్ధం చెప్పడం లేదు, మీటరు చూసి వెళ్లిపోయే పోలీసూ అబద్ధం చెప్పడం లేదు. కొలతబద్దే తప్పు.

ఇంకోటి మరవకూడదు. 2017 డిసెంబరులో ముంబయి కమలా మిల్స్ పబ్బుల అగ్నిప్రమాదంలో 14 మంది, 2025 డిసెంబరులో గోవా అర్పోరా నైట్‌క్లబ్బు మంటల్లో 25 మంది చనిపోయారు. గోవా మృతుల్లో ఎక్కువమంది అక్కడ పనిచేసేవాళ్లే, పొట్ట చేతబట్టుకుని వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లే. కాబట్టి భవనం కాగితాలు, అగ్నిమాపక అనుమతి అడగడం తప్పు కాదు. వాటిని సంగీతం ఉన్న చోటే అడగడం తప్పు. జనం గుమిగూడే ప్రతి చోటా అడగాలి.

మా దృష్టిలో అడగవలసినవి మూడు. ఒకటి, లోతైన శబ్దానికి విడిగా పరిమితి పెట్టి, ఫిర్యాదు చేసినవాళ్ల గదిలోనే కొలవాలి. రెండు, సౌండ్ ఒక హద్దు దాటకుండా ఆపే లిమిటర్‌ను, గోడలకు శబ్ద నిరోధాన్ని లైసెన్సు షరతుగా పెట్టాలి. మూడు, అత్యవసర ద్వారాల వివరాలు, అగ్నిమాపక అనుమతి పబ్బు గుమ్మం దగ్గరే అంటించాలి. ఇవి పాటిస్తే లోపల రెగె వేశారా, సినిమా పాట వేశారా అని పోలీసులు పట్టించుకోనక్కర్లేదు.

ఇది అడిగే ముందు మన ఇంటి వైపు కూడా చూసుకోవాలి. పబ్బు మీద ఫిర్యాదు చేసే మనమే పెళ్లి ఊరేగింపుకూ, వినాయక నిమజ్జనానికీ డీజే బండి పిలుస్తున్నాం. 2024 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించవలసి వచ్చింది. పక్కింటి పసిపిల్లకు, గుండెజబ్బు మనిషికి ఆ బేస్ ఎవరి పెట్టెలోంచి వచ్చినా ఒకటే.

రాత్రి 10 తర్వాత మోత భరించలేనప్పుడు 112కు ఫోన్ చేయవచ్చు. అక్కడితో ఆగకుండా తేదీ, సమయం, అదిరిన వస్తువు ఏమిటో రాసి పెట్టుకుని, నాలుగిళ్లవాళ్లు కలిసి రాతపూర్వకంగా ఇవ్వండి. మనకు కన్నడం వచ్చు, ఇరుగుపొరుగు మనవాళ్లే. తెలుగు సంఘాలు ఉగాదికి హాలు బుక్ చేయడంతో సరిపెట్టుకోకుండా వార్డు సమావేశాల్లో ఈ మాట ఎత్తాలి. ఆ సంతకాల్లో పబ్బులో పనిచేసే మన కుర్రాడి సంతకం కూడా ఉంటే, అడిగేది నిద్ర కోసమే గానీ అతని జీతం మీదికి కాదని అందరికీ తెలుస్తుంది.