సంతరోజు మధ్యాహ్నం ఒక గది కావాలి

మోటారు కాలిపోతే ఎవరి దగ్గరికి పోవాలో, మంచి విత్తనం ఎక్కడ దొరుకుతుందో మన రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు. అదే తాగుడు మానాలనుకున్న మనిషి ఎక్కడికి పోవాలని అడిగితే మాత్రం ఊళ్ళో ఒక్కరి దగ్గరా జవాబుండదు. నా దగ్గరా లేకపోయింది.

మా ఊళ్ళో ఒక కౌలురైతు ఉన్నాడు. పనిలో దిట్ట. ధాన్యం డబ్బు చేతికొస్తే మాత్రం నెల తిరక్కుండా సగం తాగేస్తాడు. ఒకరోజు తెల్లవారకముందే మా అరుగు మీదికొచ్చి కూర్చున్నాడు. "అన్నా, నాకిది వద్దనిపిస్తోంది. మానడం నావల్ల కావడం లేదు. ఏదన్నా దారి చెప్పు" అన్నాడు. "మనసు గట్టి చేసుకో" అన్నాను. అందరూ చెప్పే మాటే.

పాపం, ఆరోజే మానేశాడు. సాయంత్రానికి చేతులు వణికాయి. మర్నాడు ఫిట్స్ వచ్చి పడిపోయాడు. ఆసుపత్రిలో డాక్టరు మమ్మల్నే చీవాట్లు పెట్టారు. ఏళ్ళ తరబడి రోజూ తాగేవాడు ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు కనిపెట్టి ఉండగా, మందులతోనే ఆపించాలి. మనసు గట్టిదైతే చాలదు. ఇంట్లోవాళ్ళు అతనికి తెలియకుండా మజ్జిగలోనో కూరలోనో 'మాన్పించే మాత్రలు' కలపడం ఇంకా ప్రమాదం. ఆ మందు కడుపులో ఉండగా తాగితే రక్తపోటు పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు.

కూర్చుని మాట్లాడుకునే చోటు

ఆసుపత్రి నుంచి వచ్చాక అసలు కష్టం మొదలైంది. ఒళ్ళు కుదుటపడింది గానీ ఊరు అదే, స్నేహితులు వాళ్ళే, సాయంత్రం ఆరున్నర అదే. అప్పుడు ఆ ఆసుపత్రివాళ్ళే 'ఆల్కహాలిక్స్ అనానిమస్' సమావేశం సంగతి చెప్పారు. 1935లో అమెరికాలోని ఆక్రన్ పట్టణంలో తాగుడుతో చితికిపోయిన ఇద్దరు, ఒక షేర్ల వ్యాపారి, ఒక సర్జను, ఒకరికొకరు తోడుగా నిలబడి మొదలుపెట్టిన పద్ధతి ఇది. ఇప్పుడు మన దేశంలోనూ ఉంది.

మొదటిసారి నేనూ తోడు వెళ్ళాను. ఫీజు లేదు. పూర్తి పేరు చెప్పనక్కర్లేదు. ఉపన్యాసం లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు. ఒక్కొక్కరే లేచి తన కథ తను చెప్పుకుంటారు, మిగతావాళ్ళు వింటారు. చివర్లో గది అద్దెకూ టీకీ ఇష్టమైనవాళ్ళు తలా కొంత వేస్తారు. పదకొండేళ్ళుగా చుక్క ముట్టని లారీ డ్రైవరొకాయన మావాడి పక్కన కూర్చుని, "ఈ ఒక్కరోజుకి తాగకు, రేపటి సంగతి రేపు" అన్నాడు. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు మన పెద్దలు. వంగిన మానుల్ని నేను ఆ గదిలో చూశాను.

అయితే ఆ సమావేశం పట్టణంలో, రాత్రి ఏడింటికి. మా ఊరికి ఆఖరి బస్సు ఎనిమిదికి. నాలుగు వారాలు పోయాడు. నాట్లు మొదలయ్యాక మానుకున్నాడు. దీపావళికి మళ్ళీ తాగాడు. తప్పంతా అతని మీదికే నెట్టడం నాకు న్యాయమనిపించదు.

దుకాణం మూస్తే సరిపోదు

సారా పోరాటం పుట్టిన జిల్లా మనది. 1992లో దూబగుంట ఆడవాళ్ళు అంటించిన నిప్పు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా పోయింది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో అది ఎత్తేశారు. ఆ తల్లుల పోరాటాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ దుకాణం మూయించడం ఒక పని, మానాలనుకున్న మనిషిని నిలబెట్టడం ఇంకో పని. ఆ రెండోది మనం చెయ్యలేదు. 2019లో కేంద్ర ప్రభుత్వం వెల్లడించిన సర్వే ప్రకారం, తాగుడుకు బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది.

చోటు వెతుక్కోవడం ఎలా? 14446 నంబరుకు ఫోను చేయండి, ఖర్చు లేదు. మానసిక ఇబ్బందులకు 14416 టెలి మానస్ ఉంది. ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి అడగండి. సమావేశం ఏ రోజు, ఎన్ని గంటలకు, తెలుగులోనేనా, ఇంటివాళ్ళను రానిస్తారా అని ముందే కనుక్కోండి. కొన్ని తాగుడు మానదలచినవారికి మాత్రమే, కొన్నింటికి ఎవరైనా పోవచ్చు. భార్యలకూ తల్లిదండ్రులకూ 'ఆల్-అనాన్' అని వేరే బృందాలున్నాయి. ఒకచోట నచ్చకపోతే ఇంకోచోట చూడండి.

దగ్గర్లో లేకపోతే? పెట్టుకోవచ్చు. మానాలన్న ఇద్దరు ముగ్గురు కూర్చుంటే అదే సమావేశం. పాత సభ్యులు అడిగితే వచ్చి దారి చూపుతారు. కావలసింది ఒక గది. మార్కెట్ యార్డులోనో, రైతు సేవా కేంద్రంలోనో, బడిలోనో సంతరోజు మధ్యాహ్నం ఒక్క గంట ఇస్తే చాలు. పగలు కాబట్టి బస్సుల బాధ లేదు, నాట్ల రోజుల్లోనైనా సంతకు రాక తప్పదు.

"నలుగురి కళ్ళల్లో పడితే పరువేం గాను?" అని మావాడే అడిగాడు. ఊళ్ళో అయితే అతని భయం నిజమే. సంతలో ఎవరు ఎందుకొచ్చారో ఎవరికి పడుతుంది? చేతిలో కూరగాయల సంచీ ఉంటే చాలు. గదికి బోర్డు కూడా అక్కర్లేదు.

మావాడు సంక్రాంతి తర్వాత మళ్ళీ మొదలుపెట్టాడు. రాత్రి బస్సు తప్పితే పట్టణంలో చుట్టాలింట్లో పడుకుని తెల్లారి వస్తున్నాడు. ఇలా ఎన్నాళ్ళు పోగలడో తెలియదు. సర్పంచులూ, యార్డు పెద్దలూ, ఆ గది తాళం మీ దగ్గరే ఉంది. వారానికో గంట తీయండి.