బొగ్గు బాయి పిల్లలకు మాయమాటలొద్దు

ఈ వారం గోదావరిఖనిలో ఇంటర్ పిల్లల కోసం ఒక సభ పెట్టారు. వేదికెక్కిన వక్త, మనం ఇక్కడ గట్టిగా తలుచుకుంటే అమెరికాలో ఉన్న అన్నయ్యకు ఆ క్షణమే తెలుస్తుందని, క్వాంటం సైన్సు దీన్ని ఎప్పుడో రుజువు చేసిందని చెప్పాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది.

సైన్సు ఆ మాట అనలేదు. క్వాంటం ముడి పడిన జంట కణాలు ఎంత దూరంలో ఉన్నా వాటి కొలతల మధ్య పొంతన ఉంటుంది, నిజమే. ఆ ప్రయోగాలకే 2022లో ఆస్పె, క్లౌజర్, సైలింగర్‌లకు నోబెల్ వచ్చింది. కానీ ఈ చివరన కూర్చుని కొలిచేవాడికి కనబడేది తలాతోకా లేని అంకెలే. అవతలివాడు ఫోను చేసి తన లెక్క చెప్పాకే పొంతన బయటపడుతుంది. కబురు మోసేది ఫోను, కణం కాదు.

ఆ పొంతనతో చేయగలిగేది రెండు వైపులా ఒకేలా ఉండాలని కూడా లేదు. నా కొలతను నేను ఎంచుకుని నీ దగ్గరున్న కణం స్థితిని నడిపించగలనని నీకు రుజువు చూపడమే స్టీరింగ్. భౌతిక శాస్త్రవేత్త ష్రోడింగర్ 1935లోనే ఈ మాట వాడాడు. 2012లో జర్మనీలోని హనోవర్ శాస్త్రవేత్తలు ఒకవైపు నుంచి మాత్రమే స్టీరింగ్ కుదిరే కాంతి పుంజాల జంటను తయారుచేశారు. ఇటునుంచి అటు రుజువవుతుంది, అటునుంచి ఇటు కాదు. ఇంత అద్భుతం ఉండగా పిల్లలకు మంత్రాలెందుకు?

క్వాంటం మన బొగ్గు బెల్టుకు ఎందుకు కావాలో నేను చెబుతాను. 2003 జూన్ 16న గోదావరిఖని ఏడో ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులను పొట్టనపెట్టుకున్నాయి. 1975 డిసెంబరు 27న చాస్‌నాలా బొగ్గు గనిలో నీళ్లే 375 మందిని మింగాయి. బాయి దిగినవాడి ఎదుటి బొగ్గు గోడ వెనక పాత తవ్వకాల్లో నీళ్లున్నాయో లేదో ఇప్పటికీ పాత ప్లానే చెప్పాలి, లేదా ముందుగా వేసిన బోరు చెప్పాలి. ప్లాను తప్పైతే ప్రాణాలు పోతాయి.

నేల కింద దాగిన ఖాళీలను పట్టుకోవడానికి క్వాంటం పనికొస్తుంది. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ శాస్త్రవేత్తలు 2022లో పరమాణువుల మీద భూమి లాగే బలంలోని తేడాను కొలిచి, నేల కింది సొరంగాన్ని పైనుంచే పట్టుకున్నారు. దానికి జంట కణాలు అక్కర్లేదు, అయినా అదీ క్వాంటమే. ఆ సొరంగం పైపైనే ఉంది, మన గనులు చాలా లోతు. అందుకే పరిశోధన ఇక్కడ జరగాలి. కేంద్రం 2023లో క్వాంటం మిషన్‌కు 6,003 కోట్లు ఒప్పుకుంది. ఇలాంటి కొలతల కోసం ఆ మిషన్ పెట్టిన సెన్సింగ్ కేంద్రం ఐఐటీ బాంబేలో ఉంది. మన గనులు నడిపే సింగరేణి సంస్థలో 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. ఇద్దరూ కలిసి రామగుండం గనిలో ఇలాంటి కొలతకు ఒక పరీక్ష పెట్టించాలి. సభలకు పోసే డబ్బుతో ఇంటర్ కాలేజీ ల్యాబులకు లేజర్లు, పోలరాయిడ్ పలకలు కొనాలి. కార్మికుడి బిడ్డ కాంతిని తన చేత్తో కొలిచి చూడాలి. అప్పుడు ఏ వక్తా ఆ బిడ్డను మోసం చేయలేడు.